చూడటం వేరు, తొంగిచూడటం వేరు

పెనాల్టీ కిక్ కొట్టే చోటికీ గోలు గీతకూ మధ్య దూరం 11 మీటర్లు. గట్టిగా తన్నిన బంతి ఆ దూరం దాటడానికి అర సెకను చాలు. బంతి ఎటు వస్తోందో చూశాక దూకుదామనుకుంటే గోల్‌కీపర్‌కు సమయం సరిపోదు. కాబట్టి ఎటు దూకాలో అతను కాస్త ముందుగానే ఊహించుకోవాలి. మరి ఆ ఊహకు ఆధారం ఏమిటి?

2006 జూన్ 30న బెర్లిన్‌లో జర్మనీ, అర్జెంటీనా జట్ల మధ్య ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్ జరిగింది. ఆట 1–1తో ముగిసి పెనాల్టీల దాకా వెళ్లింది. జర్మనీ గోల్‌కీపర్ యెన్స్ లేమన్ ప్రతి కిక్‌కు ముందు తన మేజోడులోంచి ఒక చిన్న కాగితం తీసి చూసుకుని, మళ్లీ అందులోనే దోపుకోవడం ప్రేక్షకులందరూ గమనించారు. గోల్‌కీపర్ల కోచ్ ఆండ్రియాస్ కోప్కే హోటల్ కాగితం మీద పెన్సిల్‌తో రాసిచ్చిన చీటీ అది. అర్జెంటీనా ఆటగాళ్లలో ఎవరు ఎంత దూరం నుంచి పరుగెత్తుకొస్తారు, ఎక్కువగా ఏ వైపు కొడతారు అన్నది అందులో ఉంది. లేమన్ రెండు కిక్కులు ఆపాడు. జర్మనీ 4–2తో గెలిచింది.

ఇందులో ఒక తమాషా ఉంది. లేమన్ ఆపిన రెండో కిక్ కొట్టిన కాంబియాసో పేరు ఆ చీటీలో లేనే లేదు! అయినా లేమన్ కాగితం తీసి శ్రద్ధగా చదువుతున్నట్టే కనిపించాడు. ఎదుటివాడి మనసులో ‘వీడికి నా గురించి తెలుసు’ అన్న అనుమానం కలిగితే చాలు కదా. తరువాత ఆ చీటీని సేవాకార్యాల కోసం వేలం వేస్తే 10 లక్షల యూరోలు పలికింది.

కోప్కే చేసింది తప్పా? కాదని మనందరం వెంటనే అంటాం. మరి ప్రత్యర్థిని తెలుసుకునే ప్రయత్నం ఎక్కడి దాకా ఒప్పు? ఎక్కడి నుంచి తప్పు? ఈ పాఠంలో మనం తేల్చుకోవలసింది అదే.

ప్రత్యర్థిని చదవడం

నేటి వృత్తి ఫుట్‌బాల్‌లో ప్రతి పెద్ద క్లబ్బుకూ విశ్లేషకులు ఉంటారు. రాబోయే వారం తలపడబోయే జట్టు ఆడిన పాత మ్యాచ్‌ల వీడియోలు తెప్పించుకుని చూడటం వారి పని. ఆ జట్టు కార్నర్ కిక్‌లు ఎలా కొడుతుంది, ఏ డిఫెండర్ ఎడమ కాలితో బలహీనం, బంతి పోగానే ఎంతమంది వెనక్కి పరుగెడతారు అన్నవి లెక్కగట్టి కోచ్‌కు అందిస్తారు. కొన్నిసార్లు క్లబ్బు తన మనిషిని ప్రత్యర్థి మ్యాచ్‌కు పంపుతుంది. అతను ప్రేక్షకుల మధ్య కూర్చుని, నోట్‌బుక్ తెరిచి రాసుకుంటాడు. ఇందులో దాపరికం ఏమీ లేదు. అందరి ఎదుట ఆడిన ఆటను అందరిలాగే చూసి, అందరికంటే శ్రద్ధగా ఆలోచించడం ఇది.

ఈ విద్య మనకు కొత్తేమీ కాదు. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం ఉపాధ్యాయుడిగా పనిచేసి ఫుట్‌బాల్ కోచ్ అయ్యారు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో మన జట్టు తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడింది. ఫైనల్లో మళ్లీ అదే కొరియా ఎదురైంది. ఈలోగా డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతన్ని సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ ముందు వరుసలో ఆడించారు. తొలి మ్యాచ్‌లో తాము చూసిన భారత జట్టు, ఫైనల్లో తమ ముందు నిలిచిన భారత జట్టు ఒకటి కావని కొరియా వాళ్లకు అప్పుడు తెలిసింది. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఒక గోలు కొట్టారు. భారత్ 2–1తో గెలిచింది.

ప్రత్యర్థిని మనం చదువుతున్నట్టే, ప్రత్యర్థి కూడా మనల్ని చదువుతాడు. ఓటమి కూడా ఒక పాఠ్యపుస్తకమే. ఈ రెండు సంగతులూ ఆ ఫైనల్ చెబుతుంది.

కంచె బయట నిలబడ్డ మనిషి

ఇప్పుడు ఇంగ్లండ్‌కు వెళదాం. అక్కడ ప్రీమియర్ లీగ్ కింద ‘చాంపియన్‌షిప్’ అనే రెండో అంచె లీగ్ ఉంది. ఆ లీగ్‌లో 2019 జనవరి 11న లీడ్స్ యునైటెడ్, డెర్బీ కౌంటీ క్లబ్బులు తలపడవలసి ఉంది. లీడ్స్ కోచ్ అర్జెంటీనాకు చెందిన మార్సెలో బియెల్సా. డెర్బీ కోచ్ ఒకప్పటి ఇంగ్లండ్ ఆటగాడు ఫ్రాంక్ లాంపార్డ్.

మ్యాచ్‌కు ముందు రోజు డెర్బీ జట్టు తన శిక్షణ మైదానంలో సాధన చేస్తోంది. మైదానం కంచె బయట ఒక మనిషి అనుమానాస్పదంగా కనిపించాడు. పోలీసులు వచ్చారు, విచారించారు. అతను లీడ్స్ క్లబ్బు తరఫున వచ్చినవాడని తేలింది. అతను నిలబడ్డది మైదానం లోపల కాదు, బయట. అందుచేత పోలీసులు అతన్ని అరెస్టు చేయలేదు.

బియెల్సా దాచిపెట్టలేదు. లాంపార్డ్‌కు ఫోన్ చేసి, ఆ మనిషిని పంపింది తానేనని ఒప్పుకున్నాడు. మ్యాచ్‌లో లీడ్స్ 2–0తో గెలిచింది. కానీ దేశమంతా చర్చ మొదలైంది. ఆటలో గెలవడానికి ఇలా చేయవచ్చా అని పత్రికలు, టీవీలు ప్రశ్నించాయి. లీడ్స్ క్లబ్బు డెర్బీకి క్షమాపణ చెప్పింది.

జనవరి 16న బియెల్సా విలేకరులను హఠాత్తుగా పిలిచాడు. రాజీనామా చేస్తాడేమోనని చాలామంది అనుకున్నారు. ఆయన రాజీనామా చేయలేదు. కంప్యూటర్ తెర ముందు కూర్చుని గంటకు పైగా ఒక పాఠమే చెప్పాడు! ఆ సీజన్‌లో తాము ఆడిన ప్రతి ప్రత్యర్థి సాధననూ ఇలాగే గమనింపజేశానని ఒప్పుకున్నాడు. ఆ తరువాత తమ అసలు కృషి ఏమిటో చూపించాడు. డెర్బీ అంతకు ముందు సీజన్‌లో ఆడిన 51 మ్యాచ్‌లనూ ఆయన బృందం చూసింది. ఒక్కో మ్యాచ్‌ను విశ్లేషించడానికి నాలుగేసి గంటలు పట్టింది. లెక్క వేయండి: 51 మ్యాచ్‌లు, 4 గంటల చొప్పున 204 గంటలు!

అదే సమావేశంలో ఆయన తన మీద తానే ఒక కథ చెప్పుకున్నాడు. 2012లో ఆయన స్పెయిన్‌లో అథ్లెటిక్ బిల్బావో కోచ్‌గా ఉన్నప్పుడు కోపా దెల్ రే ఫైనల్లో బార్సిలోనాతో తలపడి 0–3తో ఓడాడు. మ్యాచ్ అయ్యాక బార్సిలోనా మీద తాను చేసిన విశ్లేషణనంతా ఆ జట్టు కోచ్ పెప్ గార్డియోలాకు కానుకగా పంపాడు. బార్సిలోనా గురించి నాకన్నా మీకే ఎక్కువ తెలుసని గార్డియోలా మెచ్చుకున్నాడట. అయినా లాభమేముంది, మూడు గోల్స్ తిన్నాను కదా అన్నాడు బియెల్సా. సమాచారం ఎంత పోగుచేసినా గెలుపు ఖాయం కాదని ఆయనకు తెలుసు. తెలిసినా, చేయగలిగింది చేయకుండా ఉంటే తప్పు చేసినట్టనిపిస్తుందని చెప్పాడు.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. 204 గంటల కష్టం చూస్తే మనకు గౌరవం కలుగుతుంది. కానీ ఆ కష్టం, కంచె బయటి మనిషిని ఒప్పు చేస్తుందా?

రాయని నియమం

‘నేను చట్టం మీరలేదు, నియమమూ మీరలేదు’ అన్నది బియెల్సా వాదన. తాను పనిచేసిన ఇతర దేశాల్లో దీన్ని ఇంత పెద్ద తప్పుగా చూడరని కూడా చెప్పాడు. ఆ మాటలో కొంత నిజం ఉంది. ప్రత్యర్థి సాధనను బయటి నుంచి చూడకూడదని ఆ లీగ్ నియమావళిలో అప్పటికి ఎక్కడా విడిగా రాసి లేదు.

అయితే అందులో మరో నియమం ఉంది. లీగ్‌లోని ప్రతి క్లబ్బూ తక్కిన క్లబ్బులతో సద్భావంతో మెలగాలి అన్నదే ఆ నియమం. లీగ్ ఆ నియమాన్నే పట్టుకుంది. 2019 ఫిబ్రవరిలో లీడ్స్‌కు 2 లక్షల పౌండ్ల జరిమానా విధించింది. దానితోపాటు ఒక కొత్త నియమం కూడా చేసింది: రెండు జట్ల మధ్య మ్యాచ్‌కు ముందు 72 గంటల్లో ఒక జట్టు సాధనను మరో జట్టు చూడకూడదు, చూడటానికి ప్రయత్నించకూడదు. జరిమానాను బియెల్సా క్లబ్బు చేత కట్టించలేదు. తన సొంత డబ్బుతో కట్టాడు.

ఊళ్లు మారే మనకు ఈ సంగతి బాగా అర్థమవుతుంది. ఒక బడిలో మామూలుగా చెల్లిపోయే అలవాటు ఇంకో బడిలో పెద్ద తప్పు కావచ్చు. ఒక చోట టిఫిన్ డబ్బా అడగకుండా తెరిచి తినడం స్నేహం, మరో చోట అది అమర్యాద. ‘మా పాత బడిలో ఇలాగే చేసేవాళ్లం’ అని మనమూ ఎన్నిసార్లు అని ఉంటాం! ఆ మాట అబద్ధం కాదు. కానీ కొత్త చోట మనతో ఆడేవాళ్లు మనల్ని నమ్మాలంటే, అక్కడివాళ్లు ఏది న్యాయం అనుకుంటున్నారో ముందు తెలుసుకోవాలి. రాసిన నియమాలు నోటీసు బోర్డు మీద కనిపిస్తాయి. రాయని నియమాలు మాత్రం అడిగితేనే తెలుస్తాయి.

అదే కోచ్, మరో రోజు

బియెల్సాను మనం మోసగాడని తీర్మానించేలోపు మరో సంఘటన చూడాలి. 2019 ఏప్రిల్ 28న లీడ్స్ తన సొంత మైదానంలో ఆస్టన్ విల్లాతో ఆడుతోంది. విల్లా ఆటగాడు కోజియా గాయపడి పడి ఉన్నాడు. బంతిని బయటికి కొట్టి ఆట ఆపుతారని విల్లా ఆటగాళ్లు అనుకున్నారు. లీడ్స్ ఆటగాళ్లు ఆపలేదు. క్లిఖ్ గోలు కొట్టాడు. మైదానంలో తోపులాట మొదలైంది.

రెఫరీ ఆ గోలును రద్దు చేయలేదు. నియమం ప్రకారం అది గోలే. కానీ గీత పక్కన నిలబడ్డ బియెల్సా, విల్లాకు ఒక గోలు ఇచ్చేయండని తన ఆటగాళ్లకు గట్టిగా చెప్పాడు. ఆట మళ్లీ మొదలయ్యాక లీడ్స్ ఆటగాళ్లు పక్కకు తప్పుకున్నారు. వాళ్లలో ఒక్క యాన్సన్ మాత్రం ఊరుకోలేక అడ్డుపడబోయాడు. విల్లా ఆటగాడు అడోమా బంతిని తీసుకెళ్లి గోల్లో వేశాడు. మ్యాచ్ 1–1తో ముగిసింది.

ఆ లీగ్‌లో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన జట్లు నేరుగా ప్రీమియర్ లీగ్‌కు వెళతాయి. లీడ్స్ ఆశ అప్పటికే సన్నగిల్లింది. ఆ డ్రాతో షెఫీల్డ్ యునైటెడ్‌కు రెండో స్థానం ఖాయమైపోయింది. మూడో స్థానంలో మిగిలిన లీడ్స్ ప్లే-ఆఫ్ ఆడవలసి వచ్చింది. అక్కడ ఎదురైనది ఎవరో తెలుసా? డెర్బీ! మొదటి మ్యాచ్‌లో లీడ్స్ 1–0తో గెలిచినా, రెండో మ్యాచ్‌లో డెర్బీ 4–2తో గెలిచి లీడ్స్‌ను ఇంటికి పంపింది. లీడ్స్ మరుసటి సీజన్‌లో, 2020లో, చాంపియన్‌గా నిలిచి ప్రీమియర్ లీగ్‌లో అడుగుపెట్టింది.

2019 సెప్టెంబరులో ఫిఫా తన ఫెయిర్ ప్లే పురస్కారాన్ని బియెల్సాకూ లీడ్స్ జట్టుకూ ఇచ్చింది. ఒకే ఏడాది, ఒకే మనిషి: ఫిబ్రవరిలో జరిమానా, సెప్టెంబరులో పురస్కారం. మనుషులను ‘మంచివాడు’, ‘చెడ్డవాడు’ అని రెండు డబ్బాల్లో సర్దేయడం కుదరదు. తీర్పు చెప్పవలసి వస్తే ఒక్కో పని మీద చెప్పాలి. జరిమానా పడ్డ పని తప్పే. పురస్కారం పొందిన పని ఒప్పే. రెంటిలో ఏదీ రెండోదాన్ని చెరిపేయదు.

ఆకాశంలో డ్రోన్

కంచె బయట నిలబడే కాలం పోయి డ్రోన్ల కాలం వచ్చింది. 2024 జులైలో పారిస్ ఒలింపిక్స్ ఆరంభానికి ముందు సెంటెతియెన్ నగరంలో న్యూజిలాండ్ మహిళల ఫుట్‌బాల్ జట్టు సాధన చేస్తోంది. పైన ఒక డ్రోన్ ఎగురుతూ కనిపించింది. దాన్ని నడిపింది కెనడా జట్టు సిబ్బందిలో ఒకరని తేలింది. ఆ రెండు జట్లకూ మొదటి మ్యాచ్ ఒకదానితో ఒకటికే!

కెనడా అప్పటికి ఒలింపిక్ చాంపియన్. అంతకు ముందు టోక్యోలో స్వర్ణం గెలిచిన జట్టు. ఫిఫా కఠినంగా స్పందించింది. జట్టు ఖాతా నుంచి 6 పాయింట్లు కోసింది. 2 లక్షల స్విస్ ఫ్రాంకుల జరిమానా వేసింది. కోచ్ బెవ్ ప్రీస్ట్‌మన్‌నూ మరో ఇద్దరు సిబ్బందినీ ఏడాదిపాటు ఫుట్‌బాల్ కార్యకలాపాల నుంచి నిషేధించింది. పాయింట్ల కోత మీద కెనడా అప్పీలు చేసినా అది నిలబడలేదు.

గ్రూపు దశలో ఒక జట్టు ఆడేది మూడే మ్యాచ్‌లు. గెలుపుకు 3 పాయింట్లు. అంటే మూడూ గెలిస్తే 9. అందులో 6 పోతే మిగిలేవి 3. కెనడా ఆటగాళ్లు న్యూజిలాండ్‌ను, ఫ్రాన్స్‌ను 2–1 తేడాతోనూ, కొలంబియాను 1–0తోనూ ఓడించారు. మూడూ గెలిచి, 3 పాయింట్లతో క్వార్టర్ ఫైనల్ చేరారు. అక్కడ జర్మనీతో ఆట 0–0గా ముగిసి, పెనాల్టీల్లో ఓడారు.

ఆ అమ్మాయిల స్థానంలో మనల్ని మనం ఊహించుకుందాం. డ్రోన్ ఎగరేసింది వాళ్లు కాదు. ఏళ్ల తరబడి తెల్లవారకముందే లేచి సాధన చేసినవాళ్లు. అయినా పాయింట్లు పోయింది వాళ్లవే. వాళ్లు గెలిచిన పాత పతకాల వైపు కూడా లోకం అనుమానంగా చూసింది. దొంగచూపు వల్ల మొదట నష్టపోయేది ప్రత్యర్థి అనుకుంటాం. కానీ ఎక్కువ నష్టపోయింది తమ సొంత జట్టే. మనం న్యాయంగా గెలిచామని నిరూపించుకోగలిగే అవకాశం కూడా పోతుంది. అంతకు మించిన నష్టం ఆటగాడికి ఏముంటుంది?

గీత ఎక్కడ ఉంది?

పై ఉదాహరణలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మూడు ప్రశ్నలు తేలుతాయి. ఏదైనా సమాచారం సేకరించే ముందు ఈ మూడూ వేసుకోవచ్చు.

1. ఇది ఎదుటివాళ్లు అందరి ముందూ పెట్టిందా, తమ కోసం దాచుకున్నదా? మ్యాచ్ అందరిదీ. సాధన వాళ్లది.

2. నేను చూస్తున్నానని వాళ్లకు తెలిస్తే నాకు సిగ్గుగా ఉంటుందా? లేమన్ చీటీని వేలమంది ముందు తీసి చదివాడు. డ్రోన్ నడిపే మనిషి కంటపడకుండా ఉండాలనుకున్నాడు.

3. ఇదే పని వాళ్లు మనకు చేస్తే మనం ఒప్పుకుంటామా?

ఈ మూడు ప్రశ్నలూ ఫుట్‌బాల్‌కే కాదు. బోర్డు పరీక్షలకు ముందు మనం గత సంవత్సరాల ప్రశ్నపత్రాలు ముందేసుకుని కూర్చుంటాం. ఏ పాఠం నుంచి ఎన్ని మార్కులు వస్తున్నాయో లెక్క వేస్తాం. అది కోప్కే చీటీ లాంటిది, కష్టపడి చేసిన పరిశీలన. పరీక్షకు ముందు రోజు ఫోన్‌లో ఎవరో పంపిన ‘అసలు పేపర్’ తెరవడం డ్రోన్ ఎగరేయడం లాంటిది. 2018లో 12వ తరగతి అర్థశాస్త్రం ప్రశ్నపత్రం బయటికి పొక్కింది. దాంతో ఏప్రిల్ 25న ఆ పరీక్ష మళ్లీ పెట్టవలసి వచ్చింది. ఏ పాపం ఎరుగని పిల్లలు కూడా పుస్తకాలు మళ్లీ తెరిచి, మళ్లీ హాలుకు వెళ్లి రాశారు. కెనడా ఆటగాళ్ల కథే ఇక్కడా జరిగింది: తప్పు కొందరిది, భారం అందరిదీ.

బదిలీ మీద కొత్త బడికి వెళ్లిన మొదటి వారం మనం ఏం చేస్తాం? ఒక మూల నిలబడి చూస్తాం. ఎవరు బాగా ఆడతారు, ఎవరు బంతి ఇవ్వరు, ఎవరు ఓడితే అలుగుతారు అన్నీ గమనిస్తాం. చూడటంలో మనం అందరికంటే ఆరితేరినవాళ్లం. ఆ నేర్పు మంచిదే. ఆడుతున్నప్పుడు చూద్దాం, తెలియనిది అడిగి తెలుసుకుందాం. వాళ్లు తలుపు వేసుకున్నప్పుడు మాత్రం ఇవతలే ఉందాం. రెండో వారం మనల్ని కూడా జట్టులోకి పిలుస్తారు. అప్పుడు మన పక్కన నిలబడేది, మొదటి వారం మనం గమనించిన ఆ పిల్లలే.

పదాలు – అర్థాలు

ప్రత్యర్థి: పోటీలో మనకు ఎదురు నిలిచే వ్యక్తి లేదా జట్టు
విశ్లేషకుడు: విషయాన్ని విడదీసి, లోతుగా పరిశీలించి చెప్పేవాడు
సద్భావం: మంచి ఉద్దేశం, ఒకరి పట్ల ఒకరికి ఉండే నిజాయితీ
నియమావళి: నియమాలన్నీ కూర్చిన పుస్తకం
పొక్కడం: రహస్యం బయటపడటం

ఆలోచించండి – చర్చించండి

1. కాంబియాసో పేరు చీటీలో లేకపోయినా లేమన్ కాగితం తీసి చూశాడు. ఇది మోసమా, తెలివా? మీ కారణం రాయండి.

2. బియెల్సా ‘నియమం మీరలేదు’ అన్నాడు. లీగ్ ‘సద్భావం మీరావు’ అంది. ఎవరి మాటతో మీరు ఏకీభవిస్తారు? ఎందుకు?

3. విల్లాకు గోలు ఇవ్వడానికి ఒప్పుకోక యాన్సన్ అడ్డుపడబోయాడు. అతని వైపు నుంచి ఐదు వాక్యాలు రాయండి.

4. కెనడా ఆటగాళ్ల పాయింట్లు కోయడం న్యాయమేనా? కోచ్‌ను మాత్రమే శిక్షిస్తే సరిపోయేదా? తరగతిలో రెండు జట్లుగా విడిపోయి వాదించండి.

5. రేపు మీ హౌస్‌కూ రామన్ హౌస్‌కూ కబడ్డీ ఫైనల్. మీ స్నేహితుడు వాళ్ల సాధనను మేడ మీద నుంచి ఫోన్‌లో వీడియో తీసి మీకు పంపాడు. మీరు ఇంకా దాన్ని తెరవలేదు. ఇప్పుడు ఏం చేస్తారు? పై మూడు ప్రశ్నలూ వేసుకుని జవాబు రాయండి.